డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు - రక్తంలో భాస్వరాన్ని కొలిచిన మనీషి

వైద్య కళాశాలలో స్థానం లభించని విద్యార్థులు వైద్య ప్రయోగశాల శిక్షణకు దరఖాస్తు చేసుకోవడం మనం ప్రతి సంవత్సరం చూస్తున్నదే. వారిలో చాలామంది ఆ మార్గాన్ని ఓడిపోయినవాని మార్గంగానే భావిస్తారు. శరీరధర్మశాస్త్రం వారికి కంఠస్థం చేసి పరీక్షలో అప్పగించవలసిన పాఠం. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకొంటుంది, రక్తంలో చక్కెర ఎంత, భాస్వరం ఎంత అన్న అంకెలు నేర్చుకొంటారే కాని, ఆ అంకెను మొట్టమొదట ఎవరు, ఏ విధంగా రాబట్టారు అన్న ప్రశ్న వారికి తోచదు. తోచేటట్లు మనమూ బోధించము. అందుచేత ఈ సంచికకు ఒక జీవితచరిత్ర వ్రాయవలసివచ్చినప్పుడు, ఆ అంకెలలో ఒకదానిని సులభంగా రాబట్టే పద్ధతిని లోకానికిచ్చిన తెలుగువాని చరిత్రనే మేము ఎన్నుకొన్నాము. ప్రయోగశాల పుస్తకాలలో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని అచ్చైన పేరులోని రెండవ భాగం వారిదే.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. పిల్లలు ఏడుగురు, రాబడి స్వల్పం. బాల్యంలో ఆయన చదువుపై శ్రద్ధ చూపిన బాలుడు కాదు. ఒకసారి కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి పోగా, తల్లి వెనుకకు రప్పించిందని జీవితచరిత్రకారులు వ్రాశారు. రాజమహేంద్రవరంలో చదువు సాగలేదు. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. అది మూడవ ప్రయత్నం. మార్చిలో తప్పి సెప్టెంబరుకు ఫీజు కట్టే విద్యార్థులు మన కళాశాలలోనూ ఉన్నారు గనుక ఈ విషయాన్ని దాచకుండా వ్రాస్తున్నాము.

తండ్రి మరణించారు. తల్లి నగలు అమ్మి కొడుకును చదివించింది. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేసిన పిమ్మట ఆ యువకుని మనస్సు రామకృష్ణ మిషన్ వైపు తిరిగింది. సన్యాసం స్వీకరించాలని సంకల్పించారు. తల్లి అనుమతి ఇవ్వలేదు. మిషన్ పెద్దలే వైద్యం చదివి సేవ చేయవచ్చునని నచ్చజెప్పగా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువు వ్యయంలో కొంత భారాన్ని కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు వహించారు. 1919 మే 10న ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుగారికి వివాహమయింది.

ఆ రోజులలో గాంధీజీ పిలుపును అనుసరించి విద్యార్థులు విదేశీ వస్త్రాన్ని విడిచిపెడుతున్నారు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోకి సైతం ఖద్దరుతో కుట్టించిన గౌను ధరించి వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యునికి అది నచ్చలేదు. మిగిలిన విషయాలలో ఎంత బాగా వ్రాసినా పూర్తి వైద్య పట్టా వారికి దక్కలేదు, ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టా ఇచ్చి పంపివేశారు. ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆధ్వర్యంలోని ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. ఒక గౌను గుడ్డ కారణంగా మద్రాసు నగరం ఒక వైద్యుని పోగొట్టుకొన్నదని మనం అనుకోవచ్చు. కాని ఆయన రోగులను చూచే వైద్యుడైవుంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం కలిగేదా అన్నది కూడా ఆలోచించవలసినదే.

ఆయన జీవితాన్ని నడిపిన దెబ్బ వేరొకటి ఉన్నది. కొద్ది దినాల వ్యవధిలో ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఇది ఉష్ణమండల దేశాలలోని గ్రహణి వంటి వ్యాధి. చిన్న ప్రేగు లోపలి పొరపై వేలకొలది సన్నని వ్రేళ్ళ వంటి చూషకాలు ఉంటాయని, ఆహారసారం వాటి ద్వారానే రక్తంలో కలుస్తుందని మనం చదువుకొన్నాము. స్ప్రూ రోగంలో ఈ చూషకాలు అరిగి చదునవుతాయి. మనిషి తిన్నది ఒంటబట్టదు; విరేచనాలు, నాలుక పూత, క్రమంగా రక్తహీనత. ఆ రక్తాన్ని సూక్ష్మదర్శిని క్రింద చూస్తే ఎర్ర కణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో పెద్దవై కనిపిస్తాయి. సుబ్బారావుగారికీ ఆ వ్యాధి సోకింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. ఏ పదార్థం లోపించి సోదరులు పోయారు, ఏ పదార్థం అంది తాను మిగిలాడు అన్న ప్రశ్నకు నాటి మద్రాసులో సమాధానం చెప్పగలవారు లేరు.

ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం అమెరికా వెళ్ళాలని ఆయన నిశ్చయించుకొన్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయానికి అంగీకరించింది. మిగిలిన సొమ్ము మామగారు సమకూర్చారు. 1923 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో దిగారు. గర్భవతి అయిన భార్యను మూడేళ్ళలో తిరిగివస్తానని నమ్మించి విడిచి వెళ్ళారు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరమ్మగారు మరల భర్తను చూడలేదు. గొప్పవారి చరిత్రలు వ్రాసేవారు ఈ మాటను ఒక వాక్యంలో దాటివేస్తారు. మేమూ అంతకంటె ఎక్కువ వ్రాయలేకపోతున్నాము గాని, ఆమె నిరీక్షణ ఇరవైనాలుగు సంవత్సరాలకు పైబడినదని మాత్రం పాఠకులు లెక్కించుకోవాలని కోరుతున్నాము.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యశాస్త్రం చదివే కాలంలో ఆయనకు వేతనం లేదు. మద్రాసు పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీలులేదు. పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలను కడిగి పొట్టపోసుకొన్నారు. 1924లో డిప్లొమా పొంది, అదే విశ్వవిద్యాలయంలో జీవరసాయన విభాగంలో ప్రవేశించారు.

ఆ విభాగానికి అధిపతి ఆటో ఫోలిన్. రక్తంలోని చక్కెర, యూరియా వంటివాటిని కొద్దిపాటి రక్తంతో రంగు తెప్పించి కొలిచే విధానాలను వాడుకలోకి తెచ్చిన ప్రముఖులలో ఆయన ఒకరు. ఫోలిన్-వూ పద్ధతిలో చక్కెర పరీక్ష చేయడం మన దేశపు ఆసుపత్రులలో కూడా అనేక దశాబ్దాలు సాగింది. ఆ విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద సుబ్బారావుగారికి ఒక పని అప్పగించబడింది. రక్తంలో భాస్వరాన్ని కొలవడానికి అప్పటికి ఉన్న పద్ధతులు నమ్మదగినవి కావు. దానికి మంచి మార్గం కనిపెట్టవలె.

భాస్వరాన్ని ఎందుకు కొలవాలి? మన శరీరంలోని భాస్వరంలో సుమారు 85 శాతం సున్నంతో కలిసి ఎముకలలోను, దంతాలలోను ఉన్నది. మిగిలినది కణాలలో ఉన్నది. రక్తరసిలో, అనగా సీరంలో, తేలియాడేది అత్యల్పం. పెద్దలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాములు, ఎముక పెరిగే వయస్సులో ఉన్న పిల్లలలో కొంత ఎక్కువ. ఈ చిన్న అంకె వెనుక మూత్రపిండం, ప్రేగు, ఎముక, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అన్నీ పనిచేస్తుంటాయి. మూత్రపిండాలు చెడితే భాస్వరం బయటికి పోలేక రక్తంలో పెరుగుతుంది. విటమిన్ డి లోపించి ఎముకలు వంగిపోయే రికెట్స్ వ్యాధిలో సాధారణంగా తగ్గుతుంది. అనగా భాస్వరపు అంకె చదవడం నేర్చినవాడు నాలుగు అవయవాల వార్త ఒకేచోట చదువుతాడు.

సుబ్బారావుగారు, ఫిస్క్ 1925లో ప్రకటించిన పద్ధతి చెప్పడానికి సులభమైనది. సీరంలోని మాంసకృత్తులను ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లంతో విరిచి వడపోస్తారు. వడపోతలో మిగిలిన తేట ద్రవానికి ఆమ్లంతో కూడిన అమ్మోనియం మాలిబ్డేట్ చేర్చుతారు. భాస్వరం మాలిబ్డేట్‌తో కలిసి ఒక సంయోగ పదార్థమవుతుంది. దానిని క్షయకరణం చేస్తే, అనగా ఆక్సిజన్ తీసివేసే స్వభావం గల పదార్థాన్ని కలిపితే, నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత గాఢంగా ఉంటుంది. భాస్వరం ఎంత ఉన్నదో ముందే తెలిసిన ద్రవంలో కూడా అదే రంగు తెప్పించి, కలరీమీటరులో రెండింటిని ప్రక్కప్రక్కన పోల్చి చూస్తారు. లెక్క దానంతట అదే వస్తుంది.

ఇందులో వారు సాధించినది ఏమిటని విద్యార్థి అడగవచ్చును. నీలిరంగు తెప్పించడం వారికంటె ముందే ఉన్నది. అప్పటివరకు వాడిన హైడ్రోక్వినోన్ నెమ్మదిగా పనిచేసేది. ద్రవంలోని ఇతర లవణాలు రంగును చెడగొట్టేవి. అమినోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే పదార్థం ఐదు నిమిషాలలో నిలకడగల రంగును ఇస్తుందని, ఇతర లవణాల బాధ దానికి చాలా తక్కువ అని వారు నిరూపించారు. ఎంత ఆమ్లం, ఎంత మాలిబ్డేట్, ఎంత సేపు అన్నది ఒక్కొక్కటిగా మార్చి పరీక్షించారు. ఇటువంటి పనిలో మెరుపు లేదు; ఓర్పు ఉన్నది. ప్రపంచంలోని ఆసుపత్రి ప్రయోగశాలలు ఈ పద్ధతిని అర్ధ శతాబ్దానికి పైగా వాడుకొన్నాయి.

ఈ పరీక్షను చేతులతో చేసేవారికి శరీరధర్మశాస్త్రం ఎక్కడ అవసరమవుతుందో చెప్పి ముందుకు సాగుతాము. ఎర్ర రక్తకణాల లోపల భాస్వరం సేంద్రియ రూపంలో విస్తారంగా ఉన్నది. రక్తం తీసిన తరువాత సీరాన్ని వెంటనే వేరు చేయక గంటల తరబడి ఉంచినా, సూది బిగువుకు కణాలు పగిలినా, ఆ భాస్వరం సీరంలోకి వచ్చి అంకె పెరుగుతుంది. అన్నం తిన్న తరువాత చక్కెర కణాలలోకి పోతూ భాస్వరాన్ని కూడా వెంట తీసుకుపోతుంది గనుక అప్పుడు అంకె తగ్గుతుంది. అందుకే పరగడుపున రక్తం తీయాలి. కణం సంగతి తెలియని పరీక్షకుడు యంత్రం చూపిన అంకెను వ్రాసి పంపుతాడు. తెలిసినవాడు సీరం ఎర్రబారి ఉండడం చూచి, మరల రక్తం కావాలని అడుగుతాడు. మూత్రపిండాల వ్యాధి లేని మనిషికి ఉన్నదని వ్రాయడమా, వ్రాయకపోవడమా అన్నది ఆ ఒక్క చూపుపై ఆధారపడి ఉన్నది.

ఒక త్రాసు, పరీక్షనాళికలు, మూడు నాలుగు రసాయనాలు, ఒక సామాన్యమైన కలరీమీటరు ఉంటే ఈ ప్రయోగాన్ని డిగ్రీ కళాశాలలో కూడా చేయవచ్చునని కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో మనవి చేసుకొంటున్నాము. రంగు గాఢమయ్యే ఆ ఐదు నిమిషాలు కండ్లారా చూచిన విద్యార్థికి, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినా తెలుగు మాధ్యమం నుండి వచ్చినా, పాఠ్యపుస్తకంలోని అంకె వేరుగా కనిపిస్తుంది.

ఇక ఆ పద్ధతి వలన శరీరధర్మశాస్త్రంలోనే ఒక అధ్యాయం మారిన సంగతి. కండరం ముడుచుకొనడానికి శక్తి ఎక్కడినుండి వస్తుంది? పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారే చర్యయే మూలమని ఆ కాలపు నమ్మకం. కండరంలో లాక్టిక్ ఆమ్లం, ఉష్ణం, ఆక్సిజన్ వినియోగం గురించి పరిశోధించిన హిల్, మేయర్‌హోఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం కూడా లభించింది. బోస్టన్‌లో ఫిస్క్, సుబ్బారావులు తమ పద్ధతిని రక్తం నుండి కండరానికి మళ్ళించారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఐదు నిమిషాలలో నిలిచిపోవలసిన నీలిరంగు కండరపు ద్రవంలో నిలువలేదు. నిమిషాలు గడిచేకొద్దీ గాఢమవుతూ పోయింది.

రసాయనం పాడైనదని నాళికను పారబోసి మరల మొదలుపెట్టేవారు చాలామంది ఉంటారు. వారు ఆ పని చేయలేదు. తమ పద్ధతి యొక్క ప్రతి అడుగు తమకు తెలిసినదే గనుక, దోషం పద్ధతిలో లేదని, కండరంలోనే ఏదో ఉన్నదని ఊహించగలిగారు. భాస్వరం వేరొక పదార్థంతో బలహీనంగా ముడిపడి ఉండి, పరీక్షనాళికలోని ఆమ్లంలో మెల్లమెల్లగా విడిపోతూ రంగును పెంచుతున్నది. ఆ రెండవ పదార్థం క్రియాటిన్ అని, రెండూ సమపాళ్ళలో ఉన్నాయని తేల్చారు. కండరాన్ని విద్యుత్తుతో పనిచేయిస్తే ఈ ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతున్నది. విశ్రాంతి ఇస్తే మరల కూడుకొంటున్నది. 1927లో ఈ విషయం ప్రకటించారు. ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా అదే కాలంలో, వేరుగా, అదే పదార్థం జాడను కనుగొన్నారు.

1929లో మరింత ముఖ్యమైన అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, మనం ఏ.టీ.పీ. అని పిలుచుకొనేది, బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్, బోస్టన్‌లో ఫిస్క్, సుబ్బారావులు దీనిని వేర్వేరుగా కనుగొన్నారు. ప్రకటనలో లోమన్ కొద్ది వారాలు ముందున్నారు. మరుసటి సంవత్సరమే డెన్మార్కులో లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషమిచ్చి ఆపివేసినా కండరం కొంతసేపు ముడుచుకొనగలదని చూపారు. పాత సిద్ధాంతం నిలువలేదు. ఈనాడు ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా ఏ.టీ.పీ. పేరు చెప్పగలడు. ఒక మనిషి భాస్వరం కొలిచే పద్ధతిలో రంగు ఆగకపోవడాన్ని పట్టించుకొన్నందున ఆ పేరుకు దారి పడినదని వానికి ఎవరూ చెప్పడం లేదు.

1930లో సుబ్బారావుగారికి డాక్టరేట్ పట్టా వచ్చింది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం రాలేదు. పదేళ్ళు చిన్న జీతంపై అదే విభాగంలో పనిచేశారు. ఫిస్క్ తన అనుమతి లేనిదే ఏ ఫలితమూ బయటికి పోనిచ్చేవారు కాదు. ఆ విభాగంలోనే విద్యార్థిగా ఉండి, 1988లో నోబెల్ బహుమానం పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ అసూయ కారణంగా వెలుగు చూడలేదని, వాటిని తరువాతివారు మరల కనుగొనవలసివచ్చిందని చెప్పియున్నారు. సుబ్బారావుగారు ఎవరిపైనా ఫిర్యాదు చేయలేదు. ఆ మౌనాన్ని చాలామంది వినయమని కొనియాడతారు. మాకు మాత్రం అది శాస్త్రానికి నష్టంగానే కనిపిస్తున్నది.

1940లో ఆయన విశ్వవిద్యాలయం విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి చేరారు. 1942 నాటికి దానికి డైరెక్టరు. ఇక్కడినుండి ఆయన స్వహస్తాలతో నాళికలు పట్టిన పరిశోధకుడు కాదు. వందలాది పరిశోధకులను నడిపిన పెద్ద. మన పత్రికలలో ఆ కాలపు మందులన్నిటినీ ఆయనే కనుగొన్నారని వ్రాయడం పరిపాటి. అది న్యాయం కాదు. ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధాన్ని మట్టి నమూనా నుండి పట్టుకొన్నది బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. ఉద్యోగ విరమణ వయస్సు దాటిన ఆయనను చేర్చుకొని పని చూపించినది సుబ్బారావుగారు. ఈ తేడాను గుర్తుంచుకొంటే ఇద్దరి గౌరవమూ నిలుస్తుంది.

పెరల్ రివర్‌లో ఆయన పాత ప్రశ్న మరల ఎదుటికి వచ్చింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భవతులైన పేద స్త్రీలను పరీక్షించి, వారి ఎర్ర కణాలు పెద్దవై రక్తహీనత కలుగుతున్నదని, ఈస్ట్ సారం తినిపిస్తే నయమవుతున్నదని కనుగొన్నారు. ఆ సారంలోని పదార్థం ఏదో తెలియదు. 1941లో పాలకూర ఆకుల నుండి తీసిన ఒక పదార్థానికి ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుండి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. లెడర్లీలో సుబ్బారావుగారి బృందం కాలేయం నుండి, సూక్ష్మజీవుల పులియబెట్టుడు నుండి దానిని వేరుచేసి, నిర్మాణం తెలుసుకొని, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. ప్రకటన క్రింద 16 మంది పేర్లున్నాయి. అందులో ఆయనది ఒకటి, ముందు కాదు, చివర కాదు. అదే సంవత్సరం నుండి టామ్ స్పైస్ అనే వైద్యుడు ఆ మందును పెద్ద కణాల రక్తహీనతలోను, స్ప్రూ రోగంలోను వాడి గుణం చూపాడు. సోదరులు పోయిన రోగానికి పనిచేసే మందు పావు శతాబ్దం తరువాత చేతికి వచ్చింది.

అయితే ఆయన ముఖ్యంగా వెదికినది పెర్నీషియస్ అనీమియా అనే మరొక రక్తహీనతకు మందు. ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ రోగుల రక్తం బాగుపడింది. స్లయిడుపై కణాలు సవ్యంగా కనిపించాయి. కాని కొందరిలో కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తప్పి, వెన్నుపాము చెడిపోవడం ఆగలేదు. అక్కడ లోపించినది విటమిన్ బి-12 అని, అది 1948లో వేరుచేయబడిన తరువాత స్పష్టమయింది. రక్తపు స్లయిడు ఒక్కటే చూచి రోగి కోలుకొన్నాడని సంతోషించరాదని వైద్యలోకం ఆ విధంగా నేర్చుకొన్నది. ప్రయోగశాలలో పనిచేయబోయేవారు సుబ్బారావుగారి విజయంతోబాటు ఈ వైఫల్యాన్ని కూడా చదవాలని మా అభిప్రాయం.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వ్యాధి నిదానశాస్త్రజ్ఞుడు రక్త క్యాన్సరుతో చనిపోతున్న పిల్లలకు సాయం కోరారు. ఫోలిక్ ఆమ్ల వర్గపు పదార్థాలు ఇచ్చి చూడగా వ్యాధి మరింత వేగంగా పెరిగినట్లు తోచింది. అటువంటప్పుడు ఆ ఆమ్లానికి అడ్డుపడే పదార్థం వ్యాధికీ అడ్డుపడాలి. సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లం రూపంలోనే ఉండి కణాన్ని మోసగించే అమినోప్టెరిన్ తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని ప్రకటించారు. తాత్కాలికమే, వ్యాధి తిరిగివచ్చింది. అయినా అంతవరకు ఏ మందుకూ లొంగని రక్త క్యాన్సరు మొదటిసారి వెనుకంజ వేసినట్లు చెప్పినది మూలుగ స్మియరును లెక్కించిన కన్నులే. దాని తోబుట్టువైన మిథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సరులోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉన్నది.

మన ప్రాంతానికి అన్నిటికంటె దగ్గరయినది 1947లో అదే ప్రయోగశాల నుండి వెలువడిన హెట్రజాన్, అనగా డైఈథైల్ కార్బమజీన్. బోదకాలు గోదావరి, కృష్ణా మండలాలవారికి పుస్తకంలోని వ్యాధి కాదు, వీథిలో కనిపించే వ్యాధి. దోమ ద్వారా చేరిన పురుగులు శోషరస నాళాలలో కాపురముండి, తమ సూక్ష్మ సంతానాన్ని రక్తంలోకి వదులుతాయి. ఆ సంతానం పగటివేళ ఊపిరితిత్తుల లోపలి నాళాలలో దాగి, రాత్రి దోమ కుట్టే వేళకు చర్మపు రక్తంలోకి వస్తుంది. అందుచేత పరీక్షకులు రాత్రి పదిగంటల తరువాత లాంతరు వెలుతురులో ఇంటింటికీ పోయి నిద్రించేవారిని లేపి వ్రేలి నుండి రక్తపు చుక్క తీయవలసివచ్చేది. ఆ పురుగు పిల్లలను రక్తం నుండి తొలగించే మందు భీమవరంలో పుట్టినవాని ఆధ్వర్యంలో వచ్చింది. భారతదేశంలో 2004 నుండి సాగిన సామూహిక ఔషధ పంపిణీలో ఆ మాత్రయే పంచారు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53 సంవత్సరాల వయస్సులో, నిద్రలోనే గుండె ఆగి మరణించారు. స్వతంత్ర భారతదేశానికి ఆయన తిరిగి రాలేదు. ఆయన పేరుతో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని నామకరణం జరిగింది. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వెలువరించింది.

ఈనాటి పెద్ద ఆసుపత్రులలో యంత్రాలు భాస్వర పరీక్షను మాలిబ్డేట్ వరకే జరిపి, నీలిరంగు తెప్పించకుండా అతినీలలోహిత కాంతిలో చదువుతున్నాయి. ఐదు నిమిషాల నిరీక్షణ లేదు, అమినోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లమూ లేదు. కణాలు పగిలి ఎర్రబారిన సీరం పోస్తే ఆ యంత్రం కూడా హెచ్చు అంకెనే చూపుతుంది.